రెండు ఊళ్లు రాసుకున్న అభ్యంతరాలు

కర్నూలు జిల్లా మద్దికెర స్టేషన్లో దిగి నడిస్తే ఊరి కంటే ముందు చేలు పలకరిస్తాయి. వేరుశనగ, కంది, పత్తి. తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి, పెరవలి చేలల్లోకి వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి జనమో వచ్చి వంగి నడుస్తుంటారు. విజయదశమి నాడు భోగేశ్వర స్వామి గుడి దగ్గర బయల్దేరిన గుర్రాలు పారువేటగా ఊళ్లోకి దూసుకొస్తాయి. ఒకే నేల కొన్ని నెలలు పంటది, కొన్ని రోజులు వజ్రాలది, ఒక్క సాయంత్రం గుర్రాలది. అడంగల్లో మాత్రం సర్వే నంబరు, విస్తీర్ణం, పైరు పేరు ఉంటాయి. మిగతావాటికి గడి లేదు.

అలాంటి చేనొకటి వెంచరు అవుతుంది. రాళ్లు పాతుతారు, మట్టి రోడ్లు తీస్తారు, దారి పక్కన బోర్డు లేస్తుంది. పక్క చేను రైతుకు కడుపులో ఏదో కదులుతుంది. వంక నీళ్లు ఇక ఎటు పోవాలి? బండ్లబాట మూసేస్తారా? గొర్రెలు ఏ దారిన మళ్లాలి? అతనికి అభ్యంతరం ఉంది. దాన్ని ఏ మాటల్లో పెట్టాలో, ఎవరి బల్ల మీద పెట్టాలో తెలియదు. ఈ చిక్కు నా మనసులో ఉండబట్టే, కొత్త పట్నం కోసం నేల అడిగినప్పుడు వద్దన్న రెండు చోట్ల మాటలను కొంతకాలంగా పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఒకటి మనకు బాగా తెలిసిన రాజధాని అమరావతి ఊళ్లది. రెండోది లండన్‌కు ఉత్తరాన దాదాపు 48 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్టీవెనేజ్‌ది.

1946లో స్టీవెనేజ్ ఆరువేల పైచిలుకు జనాభా ఉన్న చిన్న పట్నం, చుట్టూ పొలాలు. యుద్ధంలో బాంబులు పడి, అంతకుముందే ఇరుకు గదుల్లో కిక్కిరిసి ఉన్న లండన్ జనానికి ఇళ్లు కావాలి. అక్కడ 60,000 మందికి కొత్త పట్టణం కడతామని ప్రభుత్వం తలపెట్టింది. మే నెలలో మంత్రి లూయిస్ సిల్కిన్ స్వయంగా వచ్చి సభ పెట్టాడు. జనం గెస్టపో అనీ నియంత అనీ కేకలు వేశారు. మీరెంత అరిచినా ఇది జరిగి తీరుతుందన్న అర్థం వచ్చే మాట ఆయన అనేశాడు. సభ ముగిసి బయటికొస్తే కారు టైర్లలో గాలి లేదు. ఆ డిసెంబరులో రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు మారిపోయింది: సిల్కిన్‌గ్రాడ్. రష్యా నగరాల పేర్ల వరసలో మంత్రి పేరును ఇరికించి ఊరివాళ్లే రాసిన ఒక్క మాట అది. వాళ్ల అభ్యంతరాలన్నిటిలో అందరికీ గుర్తుండిపోయింది అదే.

అమరావతిలో పెనుమాక, ఉండవల్లి రైతులు బోర్డులు మార్చలేదు, ఫారాలు నింపారు. 2014 చివర రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం, 2015 జనవరిలో భూసమీకరణ నిబంధనలు వచ్చాయి. భూమి ఇస్తామనేవాళ్లకు 9.3 ఫారం, అభ్యంతరం ఉన్నవాళ్లకు 9.2 ఫారం. ఆ రోజుల్లో కృష్ణ ఒడ్డున తొమ్మిది పాయింట్ రెండు అనేది అంకెగా మిగల్లేదు, మనిషి ఏ పక్షమో చెప్పే గుర్తయింది. అక్కడ కోపం ఊరి పేరు మీదికి వెళితే, ఇక్కడ ఒక ఫారం నంబరులోకి దిగింది. అయినా రెండు చోట్లా ఒకటే అనుమానం: అడుగుతున్నారు సరే, వినడానికే అడుగుతున్నారా?

స్టీవెనేజ్ వాళ్లు ఈ అనుమానాన్నే కోర్టుకు తీసుకెళ్లారు. మంత్రి ముందే మనసు గట్టి చేసుకున్నాడు, ఆ తర్వాత జరిపిన విచారణ ఉత్త లాంఛనం అన్నది వాళ్ల వాదన. 1947 మొదట్లో హైకోర్టు వాళ్ల మాట మన్నించింది. పై కోర్టు కాదంది. జూలైలో హౌస్ ఆఫ్ లార్డ్స్ మంత్రి పక్షాన తీర్పిచ్చింది: ఆయన చేసింది న్యాయమూర్తి పని కాదు, పరిపాలన, అభ్యంతరాలను ఆయన నిజంగా పరిశీలించలేదనడానికి ఆధారం లేదు అని. ఫ్రాంక్లిన్ కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదివేది దీన్నే. అభ్యంతరం వినడం వేరు, దానికి కట్టుబడటం వేరు అన్న గీతను ఆ కేసు ఎంత కటువుగా గీసిందో చూసినప్పుడల్లా, మన గ్రామసభల తీర్మానాల పుస్తకాలు కళ్లముందు మెదులుతాయి.

ఇక మాటల సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

స్టీవెనేజ్ అభ్యంతరానికి ఇ.ఎం. ఫార్‌స్టర్ అనే నవలాకారుడు దొరికాడు. చిన్నతనంలో పదేళ్లపాటు ఆ ఊరి అంచున రూక్స్ నెస్ట్ అనే ఇంట్లో పెరిగాడు. 1910లో వచ్చిన ‘హోవర్డ్స్ ఎండ్’ నవలలోని ఇల్లు ఆ ఇల్లే. 1946లో రేడియోలో మాట్లాడుతూ ఆయన తన మనసులోని చీలికను దాచుకోలేదు. మనుషులకు ఇళ్లు ఉండాలి, దాన్ని కాదనలేను, అయినా ఆ పొలాలతో పాటు మళ్లీ తేలేనిది ఒకటి పోతోంది అన్నది ఆయన బాధ. రెండు మాటల్లో దేన్నీ మింగకుండా రెండూ చెప్పాడు. అయితే అప్పటికి ఆయన ఆ ఊళ్లో ఉండటం లేదు. ఊరి దుఃఖం ఊరు విడిచినవాడి గొంతులో పలికింది.

పెనుమాకకు ఫార్‌స్టర్ లేడు, అక్కర కూడా రాలేదు. మైకు ముందుకొచ్చి రైతులే మాట్లాడారు, వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. ఫార్‌స్టర్ మాటల్లో నేల కంటికి ఆనేది: పచ్చిక, గాలి, దూరం. వీళ్ల మాటల్లో చేతికి తగిలేది. ఇవి జరీబు భూములు, కొద్ది లోతులోనే నీళ్లు, ఏడాది పొడుగునా ఏదో ఒక పైరు. అరటి, పూలు, కూరగాయలు. తెల్లారేసరికి విజయవాడ మార్కెట్‌కు సరుకు, అటు నుంచి చేతిలో డబ్బు. వాన మొహం చూసి విత్తనం వేసే మద్దికెర రైతుకు రోజువారీ రాబడి అనే మాట ఎంత వింతగా వినిపిస్తుందో నాకు తెలుసు. ఆ రాబడి పోతుందన్న భయం ఎంత లోతుదో కూడా అతనికే త్వరగా అర్థమవుతుంది.

ఈ తేడా వెనక లెక్క ఉంది. కొత్త పట్టణాల చట్టం ప్రకారం స్టీవెనేజ్‌లో భూమి తీసుకునేది అభివృద్ధి కార్పొరేషన్. పట్నం లేచాక పెరిగే విలువ కూడా దానిదే. నేల పోయేవాడికి కొత్త పట్నంలో వాటా లేదు కాబట్టి అతని మాట ఉన్నదాని గురించే సాగింది. అమరావతిలో అలా కాదు. ఎకరా జరీబు ఇచ్చినవాళ్లకు 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, మెట్టకైతే వాణిజ్య స్థలం 250 గజాలు, పదేళ్లపాటు కౌలు. రాబోయే నగరంలో వాటా. దాంతో ఊరి మాట రెండుగా చీలింది. 9.2 వాళ్లు పంట భాష మాట్లాడారు, 9.3 వాళ్లు ఒప్పందం భాష నేర్చుకున్నారు. ఆ రెండో భాషే 2019 చివర మూడు రాజధానుల మాట వచ్చాక రోడ్డెక్కింది. 2021 నవంబరులో తిరుమలకు కాలినడకన బయల్దేరింది, 2022 మార్చి హైకోర్టు తీర్పులో గెలిచింది. భూమి ఇవ్వనన్నవాళ్ల కంటే ఇచ్చినవాళ్ల అభ్యంతరమే పొడుగ్గా సాగింది. స్టీవెనేజ్ కథలో దీనికి జోడీ నాకు దొరకలేదు.

దొరికిన జోడీ ఇంకొకటి ఉంది, అది కొంచెం నొప్పి కలిగిస్తుంది. అక్కడా ఇక్కడా వద్దన్నవాళ్ల మాటల్లో రాబోయే మనిషి లేడు. లండన్‌లో ఒకే గదిలో ఇంటిల్లిపాదీ కాపురముంటున్న కుటుంబం స్టీవెనేజ్ కేకల్లో ఎక్కడా కనిపించదు. అలాగే అమరావతిలో పేదల ఇళ్ల స్థలాల కోసం తీసిన ఆర్-5 జోన్ మీద 2023లో నడిచిన వాదనల్లో, ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లో అద్దె గదుల్లో ఉంటున్న యాభై వేల పైచిలుకు కుటుంబాలు ఒక సంఖ్యగా వచ్చి పోయాయి. రైతుల వాదనకు బలం ఉంది: ఒక బృహత్ ప్రణాళికను నమ్మి భూమి ఇచ్చాం, దాన్ని మధ్యలో మార్చొద్దు. ప్రభుత్వ వాదనకూ బలం ఉంది: అందుబాటు ధరల ఇళ్లకు అయిదు శాతం నేల ఉంచాలని సీఆర్‌డీఏ చట్టమే చెబుతోంది. మేలో సుప్రీంకోర్టు తుది తీర్పుకు లోబడి పట్టాలు ఇవ్వనిచ్చింది, ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపింది. ఈ రెండు బలాల మధ్య కుటుంబానికి ఇవ్వజూపింది ఒక్క సెంటు, నలభై ఎనిమిది గజాలు. ఎకరాకు వెయ్యి గజాలు వాటా వచ్చిన నేల పక్కనే నలభై ఎనిమిది గజాలు. ఇంత చిన్న ముక్క ఏ కుటుంబానికీ చాలదని నా గట్టి అభిప్రాయం. అది వద్దనడానికి ఎన్నో కారణాలు ఉన్నాయి. అందులో బతకబోయేవాళ్ల వైపు నుంచి చెప్పిన కారణం నాకు పెద్దగా వినిపించలేదు.

గడి దొరకనివాళ్లు మరికొందరున్నారు. 9.2 గానీ 9.3 గానీ నింపాలంటే పట్టా ఉండాలి. ఆ జరీబు నేలలో అరటి గెల మోసిన కౌలు రైతుకు, పూలు కోసిన కూలీకి అభ్యంతరం చెప్పే ఫారమే లేదు. భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు, అంతే. మద్దికెర చుట్టుపక్కల కూడా పరిస్థితి ఇదే. వెంచరు పడ్డ చేను అమ్మినవాడికి ధర, కొన్నవాడికి ప్లాటు. కళ్లం తొక్కి, కలుపు తీసి బతికినవాళ్ల పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

స్టీవెనేజ్‌కు 1951 నుంచి కొత్త కుటుంబాలు రావడం మొదలైంది. ఇల్లు, ఇంటికింత తోట, పిల్లలకు బడి. వాహనాలు తిరగని అంగడి వీధులతో 1959లో పట్టణ కేంద్రాన్ని తెరిచారు. 1946లో ఎవరినైతే వద్దన్నారో వాళ్లూ వాళ్ల పిల్లలూ ఆ ఊరివాళ్లయ్యారు. అసలు విశేషం ఇకముందుంది. రూక్స్ నెస్ట్ చుట్టూ మిగిలిన కొద్ది పొలాలను కాపాడాలని 1989లో ఫార్‌స్టర్ కంట్రీ మిత్రులు అనే సంఘం పుట్టింది. ఊరికి ఉత్తరాన మరో 800 ఇళ్లకు చోటు చూపిన ప్రణాళిక 2019లో ఖరారైతే వద్దని నిలబడ్డది ఆ కొత్త పట్నమే. దీన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు. ఒక నేల మీద ముప్ఫై నలభై ఏళ్లు బతికినవాడికి దాని మీద ప్రేమ పుట్టకపోతేనే వింత. సెంటు ముక్కలోనైనా సరే, రేపు ఆర్-5 జోన్‌లోని కృష్ణాయపాలెం పక్కన ఎవరు కాపురం పెట్టినా, వాళ్ల పిల్లలు ఆ ఒడ్డును తమదనే అంటారు.

రెండు ఊళ్ల కాగితాలూ పక్కన పెట్టాక నాకు ఒకటి తట్టింది. పెనుమాక చేలల్లో ఏ నెలలో ఏ పైరో, నీళ్లు ఎంత లోతులో తగులుతాయో లోకానికి తెలిసింది 2015లోనే, ఆ చేలు పోతాయన్నప్పుడే. స్టీవెనేజ్ పొలాల గురించి బయటి ప్రపంచం శ్రద్ధగా విన్నదీ 1946లోనే. ఆపదలో రాసిన వర్ణనలు అవి. ఆపదలో రాశారు కాబట్టే రాబోయే మనిషి వాటిలో శత్రువయ్యాడు, లేదా అసలు లేకుండా పోయాడు.

మద్దికెరకు ఇంకా ఆ తొందర రాలేదు. భోగేశ్వర స్వామి గుడి నుంచి గుర్రాలు ఏ చేల మీదుగా వస్తాయో, ఏ వంక ఏ వానకు పొంగుతుందో, గొర్రెలు ఏ బాటన మళ్లుతాయో ఊరి పెద్దల నోట ఉండే ఉంటుంది. వచ్చే దసరాకు ముందు ఎవరైనా కూర్చుని అదంతా సర్వే నంబర్లతో సహా రాసిపెడితే బాగుంటుంది. అదే పుస్తకంలో ఇంకో పేజీలో ఊళ్లో ఇల్లు లేనివాళ్ల పేర్లు రాయాలి. వాళ్లకు ఏ పక్కన, ఎంత చోటిస్తే ఒక మంచం, ఒక పొయ్యి, రెండు మేకలు పడతాయో గజాల్లో కొలిచి రాయాలి.