సర్వే అంకెలు - ఓటరు అంతరంగం: సుల్తాన్‌పూర్ నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ప్రజల మనోగతాన్ని తెలుసుకునే సాధనంగా మొదలైన ఎన్నికల సర్వే, మాధ్యమాల చేతిలో ఆ మనోగతాన్ని మలిచే ప్రచారాస్త్రంగా మారుతోంది. తెలంగాణ శాసనసభ ఎన్నికల (2018, 2023) అనుభవాన్ని, పటాన్‌చెరు నియోజకవర్గంలోని సుల్తాన్‌పూర్ పారిశ్రామిక ప్రాంత స్థితిగతులను కలిపి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. అంచనాలు - ఫలితాలు

2018 డిసెంబరు 7న పోలింగు ముగిశాక, మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ ప్రజాకూటమికి 65, టీఆర్‌ఎస్‌కు 35 స్థానాలు, పది అటూ ఇటూగా, వస్తాయని ప్రకటించారు. డిసెంబరు 11న వెలువడిన ఫలితాల్లో 119 స్థానాలకు గాను టీఆర్‌ఎస్ 88 గెలుచుకుంది. అంచనా తప్పడం దోషం కాదు. ఎవరిని, ఎందరిని, ఎలా అడిగారో చెప్పని అంకెకు శాస్త్ర ప్రతిపత్తి కల్పించడమే దోషం.

2023లో చాలా ఎగ్జిట్ పోల్స్ కాంగ్రెస్ ఆధిక్యాన్ని సరిగానే సూచించాయి. కాంగ్రెస్‌కు 64, బీఆర్‌ఎస్‌కు 39 స్థానాలు దక్కినా, ఓట్లలో తేడా సుమారు రెండు శాతమే. మూడు శాతం పొరపాటుకు అవకాశమున్న సర్వే ఇంత స్వల్ప వ్యత్యాసాన్ని నిశ్చయంగా చెప్పజాలదు. ఫలితం కలిసివచ్చినంత మాత్రాన పద్ధతి నిర్దుష్టమని భావించలేం.

3. సుల్తాన్‌పూర్ లేవనెత్తే ప్రశ్న

వైద్య పరికరాల పార్కు నెలకొన్న సుల్తాన్‌పూర్ వంటి చోట నివాసి, ఓటరు ఒక్కరే కానక్కరలేదు. అద్దె గదిలో ఉండే వలస కార్మికుని ఓటు స్వగ్రామంలో ఉండవచ్చు. మధ్యాహ్నం తలుపు తట్టే సర్వేకు పగటి షిఫ్టులో ఉన్నవారు దొరకరు. రాత్రి షిఫ్టు చేసినవారు నిద్రలో ఉంటారు. దొరికినవారి మాటే అందరి మాటగా లెక్కకెక్కుతుంది. అభిప్రాయం చెప్పే అవకాశం లేనివారు అంకెల్లోనూ కనిపించరు.

4. ఉపసంహారం

ప్రజాప్రాతినిధ్య చట్టం 126, 126ఎ సెక్షన్లు సర్వేల ప్రసారానికి కాలపరిమితి విధిస్తున్నాయి. వాటి పద్ధతిని పరీక్షించవు. కనుక నమూనా పరిమాణం, సేకరించిన తేదీలు, ఖర్చు భరించినవారి వివరాలను అంకెలతోపాటే వెల్లడించడం మాధ్యమాల కనీస బాధ్యత. అంతకన్నా ముఖ్యం, ఎవరు గెలుస్తారన్న చర్చ పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యాన్ని, కాంట్రాక్టు కార్మికుల వేతనాలను కప్పివేయకూడదు. ఓటరును లెక్కించడానికి ముందు అతని మాట వినడం ప్రజాస్వామ్య ధర్మం.