పేజీకో ఫైలు

పాత వారపత్రికల్లోని కథలను స్కాన్ చేసి దాచుకోవడం నాకున్న వ్యసనం. శ్రీకాకుళంలో ఉంటూ ఈ జబ్బు అంటకుండా తప్పించుకోవడం కష్టం. కథకుడు కారా మాస్టారు 1997లో కథల లైబ్రరీ కథానిలయం తెరిచిన ఊరిది. అక్కడి కథల్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లోనూ పెట్టారు.

నాకు పేజీకో బొమ్మ, అందులోని అక్షరాలకో టెక్స్ట్ ఫైలు. పనిచేసేటప్పుడు అదే సుఖం: ఒక పేజీ వంకరగా వస్తే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. పేచీ అంతా బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించేటప్పుడు. సినిమా ఫైలు చకచకా వెళ్లిపోతుంది. అందులో సగం బరువైనా లేని పేజీలు కదలవు. "డిస్కు పాతదైపోనాది సార్, మార్సీయండి" అన్నాడు రిపేరు కుర్రాడు.

డిస్కు తప్పేం లేదు. చిన్న ఫైలులో సరుకు తక్కువ, లాంఛనం ఎక్కువ. ప్రతి ఫైలుకూ ఫోల్డరులో పేరు ఎక్కాలి, సైజూ సమయమూ ఇంకోచోట రాయాలి, ఖాళీ జాగా వెతకాలి. మధ్యలో కరెంటు పోతే చిక్కుపడకుండా ఇదంతా చాలా సిస్టమ్స్‌లో జర్నల్ అనే చిట్టాలోనూ నమోదవుతుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్ల పైన పడుతుంది. కావలసిన చోటు హెడ్ కిందికి వచ్చేదాకా సగటున అరచుట్టు ఆగాలి, హెడ్ జరిగే సమయం వేరే. ఆరేడు కేబీల తెలుగు పేజీకి (యూటీఎఫ్-8లో మన అక్షరాల సంకేతాలు ఒక్కోటి మూడు బైట్లు లెండి) ఇంత తతంగం! ఆర్టీసీ కాంప్లెక్సు పార్శిల్ కౌంటర్లో సంచెడు కవర్లను ఒక్కొక్కటిగా బుక్ చేయించినట్టు. విండోస్‌లోనైతే యాంటీవైరస్ కూడా ప్రతిదాన్నీ తెరిచి చూస్తుంది. ఎస్ఎస్‌డీలో తిరిగే చక్రం లేదు కానీ నమోదులు తప్పవు.

అందుకే సంచిక పూర్తయ్యాక పేజీలన్నిటినీ టార్ కమాండుతో నేరుగా బయటి డిస్కు మీదే ఒక మూటగా కడతాను. జేపెగ్ బొమ్మలు ముందే కుదించి ఉంటాయి, మళ్లీ జిప్‌తో నొక్కడం దండగ. ప్రోగ్రాములు రాసేవాళ్లు ప్రతి పేజీ తర్వాతా ఎఫ్‌సింక్ పిలిచి "నిజంగా చేరిందా?" అని డిస్కును నిలదీయడం మానాలి, సంచికకోసారి అడిగితే చాలు. పదేసి కేబీల ముక్కల్ని విడి ఫైళ్లలో కాక ఒకే డేటాబేసులో పెడితే 35 శాతం ఎక్కువ వేగం కనిపించిందని ఎస్‌క్యూలైట్ తయారీదారులే కొలిచి చెప్పారు. ఫేస్‌బుక్ కూడా ఫొటోలను పెద్ద ఫైళ్లలో మూటగట్టే హేస్టాక్ పద్ధతిని 2010లో వివరించింది.

మూట మరీ పెద్దదైనా ప్రమాదమే. ఏడాది సంచికలన్నీ ఒకే ఫైలులో కడితే, ఒక చోట చెడినప్పుడు మిగతావి బయటకు తీయడం తలనొప్పి. తిత్లీ తుపాను చూసిన జిల్లావాళ్లం, ఇంకో కాపీ ఇంకో ఊళ్లో ఉండాలని మాకు వేరే చెప్పక్కర్లేదు. ఏ కథ ఏ మూటలో ఉందో చెప్పే జాబితాను మాత్రం విడిగా, టెక్స్ట్ ఫైలుగానే ఉంచుతాను. అదీ చిన్న ఫైలే గానీ, ఒక్కటే కనక డిస్కు ఏమీ అనుకోదు.