అతుకుల్లో ఆరితేరిన జట్టు

బోస్టన్ సెల్టిక్స్ ఆటను అర్థం చేసుకోవాలంటే ముందు వాళ్ల కాళ్ల కింది నేలను చూడాలి. 1946లో వాల్టర్ బ్రౌన్ ఈ బాస్కెట్‌బాల్ జట్టును పెట్టేనాటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది కూడా నిండలేదు. పొడవాటి కలప దొరకడం గగనంగా ఉంది. తూర్పు బోస్టన్ వడ్రంగులు మిగిలిపోయిన పొట్టి ఓక్ ముక్కలతోనే పని కానిచ్చారు. ముక్కల్ని చదరాలుగా పేర్చి, ఒక చదరంలో నిలువుగా, పక్క చదరంలో అడ్డంగా వచ్చేలా అమర్చారు. కొరత వల్ల పుట్టిన ఆ అల్లికే చివరికి జట్టు గుర్తుగా మారింది. పాత చీరల ముక్కలతో బొంత కుట్టిన చేతులకు ఆ వడ్రంగుల నేర్పు ఇట్టే తెలుస్తుంది.

ఐదడుగుల చదరపు పలకలుగా చేసి బోల్టులతో బిగించడంలో ఇంకో తెలివి ఉంది. 1952లో ఆ నేల బోస్టన్ గార్డెన్ హాలుకు మారింది. అక్కడే బ్రూయిన్స్ అనే ఐస్ హాకీ జట్టు కూడా ఆడేది. హాకీ అయిపోయాక మంచు మీదే పలకలు పరిచేవాళ్లు, మళ్లీ హాకీ రోజు రాగానే విప్పేసేవాళ్లు. అలా వేస్తూ తీస్తూ 1999 దాకా ఆ నేల మీద ఆడారు. కొన్ని చోట్ల బంతి సరిగా లేవదనీ, ఆ చోట్లేవో సెల్టిక్స్‌కు మాత్రమే తెలుసనీ ప్రత్యర్థులు ఎప్పుడూ అనుమానపడేవాళ్లు.

ఆ నేలను ఎలా చేశారో, జట్టునూ అలాగే కట్టాడు రెడ్ ఆవర్‌బాక్. 1950లో కోచ్‌గా వచ్చి 1966 దాకా ఆ పని చేశాడు, 9 టైటిళ్లు గెలిపించాడు. 1950లోనే బ్రౌన్ చక్ కూపర్‌ను ఎంచుకున్నాడు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. అదే ఏడాది చికాగో స్టాగ్స్ జట్టు మూతపడితే, మిగిలిన ముగ్గురు ఆటగాళ్ల పేర్లు టోపీలో వేసి చీటీలు తీశారు. బోస్టన్‌కు బాబ్ కూజీ వచ్చాడు. చీటీలో వచ్చిన ఆ కుర్రాడు తర్వాత వరుసగా 8 సీజన్లు లీగ్‌లో అందరికంటే ఎక్కువ అసిస్టులు, అంటే బుట్టలో పడే షాటుకు దారితీసే పాసులు, ఇచ్చాడు.

అయితే ఈ కట్టడానికి మూలస్తంభం బిల్ రసెల్. అతని కోసం ఆవర్‌బాక్ ఎడ్ మెకాలీని, క్లిఫ్ హేగన్‌ను సెయింట్ లూయిస్ హాక్స్‌కు వదులుకున్నాడు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచి, 1956 డిసెంబరులో రసెల్ జట్టులో చేరాడు. అతను షాట్‌ను అడ్డుకునే తీరు నెమ్మదిగా చూడదగ్గది. పొడవాటి ఆటగాడు షాట్‌ను ఆపాలంటే చాలాసార్లు బంతిని బలంగా కొట్టి ప్రేక్షకుల్లోకి పంపేస్తాడు. చప్పట్లు మోగుతాయి కానీ బంతి మళ్లీ ప్రత్యర్థికే వెళుతుంది. రసెల్ అలా కొట్టడు. వేళ్లతో బంతిని తట్టి కోర్టులోనే ఉంచి, తనవాళ్లకు అందేలా చూస్తాడు. అతనిది ఎడమచేతి వాటం. కుడిచేత్తో వేసే ఆటగాడికి ఎదురుగా నిలబడితే ఆ ఎడమచెయ్యి నేరుగా బంతి మీదికే లేస్తుంది. అన్ని షాట్లనూ ఆపాలని కూడా అతను చూడలేదు. ఆపుతాడేమో అన్న భయం వేసేవాడి మనసులో పడితే చాలు, గురి దానంతటదే తప్పుతుంది.

ఇక్కణ్నుంచి మొదలయ్యేదే సెల్టిక్స్ ఫాస్ట్ బ్రేక్. గురి తప్పిన షాటు తిరిగి వస్తుంటే రసెల్ ఆ రీబౌండ్ పట్టి, కాళ్లు నేలకు ఆనీ ఆనకముందే పక్కకు తిరిగి కూజీకి బంతి అందిస్తాడు. కూజీ మధ్యలోంచి పరుగెత్తుతుంటే, ఇరుపక్కలా ఇద్దరు అతనితో సమానంగా దూసుకుపోతారు. ప్రత్యర్థి వెనక్కి తిరిగి చూసేలోపు బంతి బుట్టలో పడుతుంది. రక్షణగా మొదలైన పని రెండు మూడు పాసుల్లో దాడిగా మారిపోతుంది. ఎక్కడ ఆగింది, ఎక్కడ మొదలైంది అన్న అతుకు కనపడదు.

ఆవర్‌బాక్ దగ్గర ఉన్న ఎత్తుగడలు ఏడే. ప్రత్యర్థులందరికీ అవి తెలుసు. తెలిసినా ఆపలేకపోయారంటే, బలం ఎత్తుగడలో లేదు, చేసే తీరులో ఉంది. శామ్ జోన్స్ బంతిని నేరుగా రింగులోకి వెయ్యడం కంటే పక్క నుంచి బోర్డుకు తగిలించి జార్చడంలో దిట్ట. కె.సి. జోన్స్ పాయింట్ల జోలికి పెద్దగా పోకుండా ఎదుటి గార్డుకు ఊపిరాడనిచ్చేవాడు కాదు. ఫ్రాంక్ రామ్‌సీ, అతని తర్వాత జాన్ హావ్లిచెక్, ఆట మొదలైనప్పుడు బెంచీ మీద ఉండేవాళ్లు. మిగతావాళ్లు అలసిపోతున్న వేళ తాజాగా దిగి ఆట వేగం పెంచేవాళ్లు. ఆరో ఆటగాడు అనే స్థానానికి గౌరవం తెచ్చిపెట్టింది ఈ జట్టే. 1957 నుంచి 1969 వరకు 13 ఏళ్లలో 11 టైటిళ్లు, అందులో 1959 నుంచి 1966 దాకా వరుసగా 8. ఆ పదమూడేళ్లలో ఒక్క సెల్టిక్ కూడా లీగ్‌లో అత్యధిక స్కోరర్‌గా నిలవలేదు. షాట్లను అడ్డుకున్న లెక్కలు ఎన్‌బీఏ రాయడం మొదలుపెట్టింది 1973లో. అంటే రసెల్ చేసిన అత్యంత గొప్ప పని ఏ పట్టికలోనూ లేదు.

1965 ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాతో సిరీస్‌లోని ఏడో ఆట చూడండి. ఐదు సెకన్లు మిగిలి ఉండగా సెల్టిక్స్ 110-109తో ముందుంది. రసెల్ బయటి నుంచి విసిరిన బంతి బుట్టను పట్టి ఉంచే తీగకు తగిలి, అవకాశం ప్రత్యర్థి చేతికి వెళ్లింది. ఫిలడెల్ఫియా తరఫున హాల్ గ్రీర్ బంతి విసిరాడు. హావ్లిచెక్ దాన్ని గాల్లోనే తట్టి శామ్ జోన్స్‌కు చేర్చాడు. ఒకరి పొరపాటును ఇంకొకరు సర్దారు. సరిగ్గా అలాంటి పనే 1987లో డెట్రాయిట్‌ మీద తర్వాతి తరం సెల్టిక్ లారీ బర్డ్ చేశాడు. ఐసయా థామస్ విసిరిన బంతిని లాక్కుని, దాదాపు గీత దాటిపోతూ, పరుగెత్తుకొస్తున్న సహచరుడు డెన్నిస్ జాన్సన్‌కు అందించాడు. 108-107తో గెలిచారు.

జాతి విషయంలోనూ ఈ జట్టు ముందు నడిచింది. 1964 డిసెంబరులో ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లతో ఆట మొదలుపెట్టిన మొదటి ఎన్‌బీఏ జట్టు సెల్టిక్సే. 1966లో రసెల్ కోచ్ అయ్యాడు. అమెరికా పెద్ద లీగుల్లో ఆధునిక కాలంలో ఆ బాధ్యత చేపట్టిన మొదటి నల్లజాతి వ్యక్తి అతనే. ఆడుతూనే కోచ్‌గా ఉండి 1968, 1969 టైటిళ్లు గెలిచాడు. కానీ జట్టు అతన్ని చూసుకున్నంత గౌరవంగా ఊరు చూడలేదు. బోస్టన్ శివారు రీడింగ్‌లోని అతని ఇంట్లోకి దుండగులు చొరబడి గోడల మీద జాతి దూషణలు రాశారు. 1972లో అతని 6వ నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవంగా పక్కన పెట్టినప్పుడు ప్రేక్షకులు లేకుండానే ఆ వేడుక జరగాలని అతను పట్టుబట్టాడు. జట్టు ఘనతతోపాటు ఈ గాయాన్నీ చెప్పుకోకపోతే సెల్టిక్స్ చరిత్ర సగమే అవుతుంది.

తర్వాతి తరాలూ ఆ పనితనాన్నే నమ్ముకున్నాయి. బర్డ్, అతని సహచరులు మెక్‌హేల్, పారిష్ కలిసి 1981, 1984, 1986 టైటిళ్లు తెచ్చారు. చివరి రెండింటికీ కోచ్ పాత కె.సి. జోన్సే. 2008లో పదిహేడోది, 2024లో డాలస్ మీద 4-1తో పద్దెనిమిదోది వచ్చాయి. ఇన్ని టైటిళ్లు ఎన్‌బీఏలో మరే జట్టుకూ లేవు.

చలికాలంలో బోస్టన్‌లో రాత్రి ఆట మొదలయ్యేసరికి మన ఊళ్లలో తెల్లవారుతూ ఉంటుంది. ఈసారి చూసేటప్పుడు బంతి ఉన్నవాడి మీంచి చూపు తిప్పి, బంతి లేని నలుగురి కాళ్లను గమనించండి. ఎవరు ఎవరికి చోటిస్తున్నారో, ఎవరి తప్పును ఎవరు కప్పుతున్నారో కనిపెట్టండి. తారల లెక్కలు ఎవరైనా చెబుతారు. జట్టు గొప్పతనం మాత్రం అక్కడే తెలుస్తుంది.