బోన్‌హోఫర్ ‘సహవాస జీవితము’: ఒప్పుకోలును గూర్చిన అధ్యాయముపై విమర్శ

డీట్రిచ్ బోన్‌హోఫర్ జర్మన్ భాషలో రచించిన ఈ చిన్న గ్రంథము 1939లో వెలువడింది. 1935 నుండి 1937 వరకు ఫింకెన్‌వాల్డెలో ఆయన నడిపిన సెమినరీయే దీనికి ఆధారము. గెస్టాపో దానిని మూసివేసిన తరువాత వ్రాసినది గనుక, సహవాసము హక్కు కాదు, కృప అని 133వ కీర్తనతో ఆరంభించడం కేవలం అలంకారము కాదు.

ఉమ్మడి ప్రార్థన, ఏకాంత ధ్యానము గూర్చిన అధ్యాయములను ప్రసంగములలో ఉదహరించడం సులభము. చివరి అధ్యాయము అలా కాదు. యాకోబు 5:16 ఆధారముగా, విశ్వాసి తన పాపమును సహోదరుని యెదుట ఒప్పుకొనవలెనని ఆయన బోధిస్తారు. భక్తిపరుల మధ్య పాపి దాగుకొనవలసి వస్తుందని, అందుచేత కలిసి ప్రార్థించేవారు సైతము ఒంటరులుగా మిగులుతారని ఆయన పరిశీలన. అంతేకాదు, తాను ఒప్పుకొనని వాడు ఇతరుల ఒప్పుకోలును వినడం ప్రమాదమంటారు. అందరి కొరకు ప్రార్థించే కాపరికి ఈ మాట గుచ్చుకుంటుంది. ఆయన పాపమును వినేది ఎవరు?

అయితే గ్రంథము బలహీనపడేదీ ఇక్కడే. ఫింకెన్‌వాల్డెలోని వారు కొన్ని నెలల శిక్షణ ముగించి విడిపోయే యువకులు. మన గ్రామ సంఘములో వినేవాడు అదే వీధిలో ఉంటాడు. కులము, అప్పు, పెండ్లి సంబంధము ఇద్దరి మధ్య ఉంటాయి. ఒప్పుకోలు వినడం పెత్తనముగా మారవచ్చునని బోన్‌హోఫర్ గుర్తించారు గాని, సంఘములోని విధవరాలు, కాపరి ఇచ్చే జీతముపై బ్రతికే సువార్తికుడు ఎవరియొద్దకు వెళ్లాలో చెప్పలేదు. కాపరి మట్టుకు పొరుగు సంఘపు కాపరిని, వీలైతే వేరే డినామినేషన్ వానిని, ఎంచుకొనడం మంచిదని నా అభిప్రాయము. పాస్టర్స్ ఫెలోషిప్‌లో నివేదికలకు, భోజనమునకు మధ్య ఆ అరగంట దొరకడమే కష్టము.