సూర్యుడు వెనక ఉంటాడు

సింగిడి గురించి రాయమంటే మన బడుల్లో పిల్లలు రెండు వాక్యాలు రాస్తారు. దానిలో ఏడు రంగులుంటాయి. వాన చినుకుల మీద ఎండ పడితే వస్తుంది. రెండింటికీ మార్కులు పడతాయి. మరి మిట్టమధ్యాహ్నం ఎందుకు రాదని అడిగితే తరగతి అంతా మౌనం. ఇందులో తప్పు పిల్లలది కాదు, పాఠానిది.

ముందు బొమ్మ సంగతి. చాలా చార్టుల్లో రెండు కొండల నడుమ సింగిడి, దాని వెనక నుంచి నవ్వుతూ తొంగిచూసే సూర్యుడు ఉంటారు. అలా ఎన్నడూ జరగదు. వాన మన ముందుండాలి, సూర్యుడు మన వీపు వెనక ఉండాలి. వెలుగు చినుకులోకి వెళ్తూ వంగుతుంది, లోపలి వైపు తగిలి వెనక్కి మళ్లుతుంది, బయటికొస్తూ మళ్లీ వంగుతుంది. ఒక్కో రంగు ఒక్కో కొలతలో వంగుతుంది కాబట్టి విడివిడిగా కనిపిస్తాయి. మన తల నీడ పడే దిక్కు నుంచి సుమారు 42 డిగ్రీల దూరంలో ఎరుపు ఉంటుంది. సూర్యుడు అంతకన్నా పైకెక్కితే విల్లు నేల కిందికి దిగిపోతుంది. (కొండ మీంచి లోయలోకి చూసేవాళ్ల సంగతి వేరు.) అందుకే అది పొద్దున పడమర, సాయంత్రం తూర్పున వస్తుంది. పశువులు కాసే పిల్లకు, పోడు చేలో మంచె ఎక్కే పిల్లవాడికి ఈ దిక్కులు చూసి తెలిసినవే. చార్టు వచ్చి ఆ తెలిసినదాన్ని చెరిపేస్తోంది.

ఇక ఏడు. న్యూటన్ మొదట ఐదు రంగులే లెక్కపెట్టాడు. సంగీత స్వరాలతో పోలిక కుదరాలని నారింజను, ఇండిగోను చేర్చి ఏడు చేశాడు. ఆకాశంలో రంగుల మధ్య గీతలేమీ లేవు. మన తెలుగే చూడండి: చేనూ పచ్చనిదే, కామెర్లూ పచ్చవే. ఒక పిల్ల ఐదే చెబితే, ఆకుపచ్చనూ పసుపునూ కలిపి పచ్చ అంటే, ఎర్రసిరాతో కొట్టేయడానికి మనకున్న ఆధారం ఏమిటి? కోయలోనో గోండీలోనో సవరలోనో ఇంట్లో పిలిచే పేరు రాసినా కొట్టేస్తున్నాం. ఇంద్రుడి విల్లు, హరి విల్లు మాత్రం సైన్సు పాఠంలో చెల్లుతాయి!

మన కవులతోనూ మాకు పేచీ ఉంది. సింగిడిని చీరంచుకో చిరునవ్వుకో పోల్చి వదిలేస్తున్నారు. శాస్త్రం సింగిడి అందాన్ని విప్పి పారేసిందని ఇంగ్లీషు కవి కీట్స్ 1820లో అచ్చయిన 'లామియా'లో వాపోయాడు. మేం ఒప్పుకోం. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికి రెండు వేర్వేరు సింగిళ్లు కనిపిస్తాయి, ఎందుకంటే ఇద్దరి కళ్లకూ వెలుగు పంపే చినుకులు వేరు. ఒక చినుకు జారిపోగానే దాని చోటికి ఇంకొకటి వస్తుంది. ఇంతకన్నా వింత ఏ పోలికలో ఉంది?

వాన కోసం ఆగక్కర్లేదు. పొద్దున ఎండకు వీపు పెట్టి, నోట్లో నీళ్లు నింపుకొని తుంపరగా ఊదమనండి. ఎరుపు బయటి అంచునుందా, లోపలి అంచునుందా అని అడగండి. జవాబు వాళ్ల మాటలోనే బోర్డు మీద రాయించండి.