కొన్న చక్రాలు, కట్టిన ఇంజిన్

వనపర్తి రోడ్ స్టేషన్ వనపర్తిలో లేదు, మదనాపురం దగ్గరుంది. నాగర్‌కర్నూల్ పట్టణానికైతే ఇప్పటికీ రైలే లేదు. ఈ మూడింటిలో గద్వాల ఒక్కటే అదృష్టం చేసుకుంది. సికింద్రాబాద్-డోన్ మార్గంలో ఉన్న ఆ ఊరు 2013లో రాయచూరు లైను తెరవడంతో జంక్షన్ కూడా అయింది. 1990ల దశకంలో మీటర్‌గేజి పోయి బ్రాడ్‌గేజి పడ్డాక, నల్లపొగ చిమ్ముతూ ఈ దారిన కృష్ణా నది దాటిన డీజిల్ ఇంజిన్లలో డబ్ల్యూడీఎం-2 కుటుంబానివి ముఖ్యమైనవి. 2,600 హార్స్‌పవర్ గల ఈ రకాన్ని 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి తెప్పించారు. 1964 నుంచి వారణాసిలోనే తయారుచేశారు.

ఆ ఇంజిన్ బొమ్మ బల్ల మీద పరుగెత్తాలని కోరుకునేవాళ్లకు అమెరికా, ఐరోపా ఇంజిన్ల బొమ్మలు దొరికినంత సులువుగా మన ఇంజిన్ల బొమ్మలు దొరకవు. అందుకే చాలామంది పట్టే దారి ఒకటుంది. మోటారు, గేర్లు, చక్రాలతో నడిచే విదేశీ చాసీని కొని, దానిమీద ఇంజిన్ ఒంటిని ప్లాస్టిక్ రేకులతో సొంతంగా కట్టడం. సగం కొన్నది కదా అని తీసిపారేయడానికి లేదు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును కలిపేచోటే నేతగాడి పనితనం తెలుస్తుంది. ఇక్కడా అంతే, కొన్నదీ కట్టిందీ కలిసేచోటే అసలు పరీక్ష.

మొదట కావలసింది లెక్క. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న హెచ్‌ఓ స్కేలులో ప్రతి కొలతనూ 87తో భాగిస్తారు. 17,120 మిల్లీమీటర్ల డబ్ల్యూడీఎం-2 దాదాపు 197 మిల్లీమీటర్లవుతుంది. పేచీ పట్టాల దగ్గర మొదలవుతుంది. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం అది 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. కానీ హెచ్‌ఓ చాసీలు విదేశాల స్టాండర్డ్ గేజికి చేసినవి, వాటి పట్టాలు 16.5 మిల్లీమీటర్లే. దాదాపు 3 మిల్లీమీటర్ల లోటు! విచిత్రమేమంటే, గద్వాల మీదుగా ఒకప్పుడు నడిచిన మీటర్‌గేజికి 12 మిల్లీమీటర్ల పట్టాలు దాదాపు అతికినట్టు సరిపోతాయి. బ్రాడ్‌గేజి కట్టేవాళ్లు పక్కనుంచి చూస్తే తప్పు కనబడదని సరిపెట్టుకుంటారు. ఎదురుగా చూస్తే కనబడుతుంది. సుమారు 33 మిల్లీమీటర్ల వెడల్పు ఒళ్లు సన్నటి కాళ్లమీద నిలబడ్డట్టు ఉంటుంది. ముందున్న కౌక్యాచర్‌ను జాగ్రత్తగా కడితే ఆ లోటు చాలావరకు దాని వెనక్కి పోతుంది.

చాసీని ఎంచుకోవడంలో సగం పని అయిపోతుంది. డబ్ల్యూడీఎం-2 బోగీలో, అంటే కింది చక్రాల చట్రంలో, మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. అది ఆల్కో గుర్తు. అందుకే అట్లాస్ కంపెనీ తెచ్చిన ఆల్కో ఆర్‌ఎస్‌డీ నమూనాల చాసీ దీనికి దగ్గరి చుట్టం. సమాన దూరాల బోగీ ఉన్న చాసీ తెచ్చి పైన ఎంత అందంగా కట్టినా, ఇంజిన్లు తెలిసిన కన్ను చక్రాల దగ్గరే ఆగిపోతుంది.

ఇక ఒళ్లు. అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు మందం స్టైరీన్ రేకుల్ని పదునైన బ్లేడుతో గీసి, వంచి విరుస్తారు. అంటించడానికి మామూలు జిగురు పనికిరాదు. రేకు అంచును కరిగించి రెండింటినీ ఒకటి చేసే ద్రావకం కావాలి. రెండు రేకులు కలిపి పట్టుకుని కుంచె ఆనిస్తే చాలు, అదే సందులోకి పాకుతుంది. రేకు మీద రేకు అంటించి మందం పెంచేటప్పుడు లోపలి రేకుకు చిన్న రంధ్రాలు పెట్టాలి. లేకపోతే చిక్కుకున్న ఆవిరి మెల్లగా పనిచేసి, కొన్నాళ్లకు ఇంజిన్‌ను కప్పే హుడ్ వంకర తిరుగుతుంది. రివెట్లను రేకు వెనకనుంచి సూదితో నొక్కి పైకి లేపుతారు. చేతి కమ్మీలకు 0.4 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ సరిపోతుంది. 87తో గుణిస్తే సుమారు 35 మిల్లీమీటర్లు, నిజం కమ్మీకి దగ్గరి మందమే.

అమెరికా ఇంజిన్లకు పక్క బఫర్లు ఉండవు. మనవాటికి ఉండాలి. బఫర్ల మధ్య దూరం 1,956 మిల్లీమీటర్లు, అంటే బొమ్మలో ఇరవై రెండున్నర. అవి వచ్చేదాకా మిగతాదంతా ఎంత బాగా కుదిరినా అది పరాయి ఇంజినే.

రంగు సంగతి వేరే పంచాయితీ. కాజీపేట, మౌలాలి, గుత్తిలలో ఏ లోకో షెడ్డు ఇంజిన్ కడుతున్నారో ముందే తేల్చుకోవాలి. ఒక్కో షెడ్డుది ఒక్కో రంగు, అదీ కాలంతో మారుతూ వచ్చింది.

ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చాయి, హుడ్‌ను ఒక రాత్రిలో అచ్చు తీయొచ్చు. అయినా అచ్చుకీ కొలతలే ఆధారం. అందులోనూ పైకప్పు కొలతలు దొరకడం కష్టం. ప్లాట్‌ఫాం మీది మనిషికి కనబడనిది కప్పు. బల్ల మీది బొమ్మలో ముందుగా కనబడేదీ అదే. రేడియేటర్ ఫ్యాన్, పొగగొట్టం, పైమూతల అమరిక తెలియాలంటే ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కి ఫొటో తీయాలి. గద్వాల లైనుకు కరెంటు తీగలు వచ్చాక డీజిళ్లు తగ్గాయి. తీగలున్న చోట బ్రిడ్జిలకు రక్షణ తెరలు కడతారు, పైనుంచి చూపు సాగదు. అందుకే తీగలు రాకముందు ఎవరో సరదాకి తీసిపెట్టుకున్న పైకప్పు ఫొటోలను బొమ్మలు కట్టేవాళ్లు ఇప్పుడు వెతుక్కుంటూ వస్తున్నారు.