ఒక పేరు, అనేక చేతులు: ‘ది మెర్ల్ ట్రావిస్ గిటార్’ ఆల్బమ్ - కర్తృత్వ పరిశీలన

1. ప్రవేశిక

1956లో క్యాపిటల్ రికార్డ్స్ సంస్థ ‘ది మెర్ల్ ట్రావిస్ గిటార్’ అనే వాద్యసంగీత ఆల్బమ్‌ను వెలువరించింది. అంతకు ముందు సంవత్సరమే ట్రావిస్ గనికార్మికుల జీవితంపై రచించిన ‘సిక్స్‌టీన్ టన్స్’ గీతం టెన్నెసీ ఎర్నీ ఫోర్డ్ గళంలో అమెరికా అంతటా మారుమోగింది. గేయకర్తగా ప్రసిద్ధుడైన కళాకారుడు ఈ ఆల్బమ్‌లో మాటను పూర్తిగా విడిచి గిటార్‌ను మాత్రమే ఆశ్రయించారు. ఇందులోని వాదనశైలికి ‘ట్రావిస్ పికింగ్’ అనే పేరు స్థిరపడింది. ఆ పేరు ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వాదనరీతి

ట్రావిస్ కుడిచేతి బొటనవేలికి పిక్ తొడుగుకొని మంద్రస్థాయి తీగలను మార్చి మార్చి మీటుతారు. అరచేతి అంచు ఆ తీగలకు ఆని ఉండటం వల్ల నాదం సాగక, తాళపు దెబ్బలా పొట్టిగా వినిపిస్తుంది. అదే సమయంలో చూపుడువేలు పైతీగలపై పాట వరుసను, దెబ్బకూ దెబ్బకూ మధ్యనున్న ఖాళీలలో సైతం పలికిస్తుంది. వీణపై చిటికెనవేలితో తాళతంత్రులను మీటే పద్ధతి దీనికి కొంత దగ్గరగా ఉంటుంది. అయితే ఆ తంత్రుల స్వరాలు స్థిరం. ఇక్కడ బొటనవేలు పలికించే స్వరాలు పాటతో పాటు మారుతుంటాయి. ‘బ్లూ స్మోక్’, ‘సాటర్డే నైట్ షఫుల్’ వింటున్నప్పుడు ఇద్దరు వాయిస్తున్నారన్న భ్రాంతి కలగడానికి ఇదే కారణం. యవ్వనంలో ట్రావిస్‌ను రేడియోలో విన్న చెట్ అట్కిన్స్, అది ఒక్క చూపుడువేలి పని అని ఊహించలేక, మరిన్ని వేళ్లతో సాధన చేసి తనదైన శైలిని రూపొందించుకున్నారు.

3. పరంపర

ట్రావిస్ 1917లో కెంటకీ రాష్ట్రంలోని మ్యూలెన్‌బర్గ్ కౌంటీలో, బొగ్గుగనుల ప్రాంతంలో జన్మించారు. మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీల నుండి ఈ విద్యను గ్రహించారు. వారికి పూర్వం కెనడీ జోన్స్, ఆయనకు పూర్వం ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి కళాకారుడు ఈ పరంపరలో కనిపిస్తారు. 1931లో మరణించిన షుల్ట్జ్ వాదనం ఒక్క రికార్డుగానైనా మిగలలేదు. ట్రావిస్ తన గురువుల ఋణాన్ని బహిరంగంగానే చెప్పుకున్నారు. అయినా రికార్డు మిగిలిన వ్యక్తి పేరే శైలికి స్థిరపడింది.

దీని వెనుక వ్యాపార వర్గీకరణ కూడా ఉంది. అమెరికన్ రికార్డు సంస్థలు 1920ల నుండి నల్లవారి సంగీతాన్ని ‘రేస్’ అనీ, శ్వేతజాతి గ్రామీణ సంగీతాన్ని ‘హిల్‌బిల్లీ’ అనీ వేరుచేసి అమ్మాయి. ఆ రెండవ శాఖే తరువాత ‘కంట్రీ’ అయింది. అదే కంట్రీ కళాకారుని ఈ ఆల్బమ్‌లో, నల్లజాతి స్వరకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ 1912లో ప్రచురించిన ‘ది మెంఫిస్ బ్లూస్’ చోటుచేసుకోవడం గమనార్హం. సంస్థలు గీసిన గీతను వాదకుని చేయి పాటించలేదు.

4. ముగింపు

ఈ ఆల్బమ్ ఆధారంగా షుల్ట్జ్ వాదనాన్ని పునర్నిర్మించడం సాధ్యం కాదు. ప్రతి వాదకుడూ తాను విన్నదాన్ని మార్చుకున్నాడనడానికి అట్కిన్సే నిదర్శనం. కనుక దీనిని మూలపాఠంగా కాక, మౌఖిక పరంపరలో లభించిన ఒక పాఠాంతరంగా పరిగణించాలి. శైలిని కెంటకీ ప్రాంతం పేరుతో వ్యవహరించడం సముచితం. దానివల్ల ట్రావిస్ ప్రతిభకు లోటు రాదు. రికార్డుకు ఎక్కని చేతులకు చరిత్రలో చోటు దక్కుతుంది.